మిషన్ ట్రిప్‌లో భోజనం వడ్డించడం ఎలా: చివరి పళ్లెం నుంచి లెక్క వేయండి

చర్చి తరఫున విదేశంలో సేవకు, అంటే మిషన్ ట్రిప్‌కు, వెళ్లిన మొదటిసారి నాకు అప్పగించిన పని గరిటె పట్టుకోవడం. గింజలు, కూరగాయలు, మాంసం ముక్కలు వేసి కాచిన చిక్కటి సూప్ అది. తలుపు తీయగానే ముందు వచ్చినవాళ్లను చూసి నాకు జాలి పొంగుకొచ్చింది. గరిటెను అడుగుదాకా ముంచి, ముక్కలు ఏరి ఏరి వేశాను. గంట గడిచేసరికి గుండిగలో పల్చటి నీళ్లు మిగిలాయి. అప్పుడొచ్చాడు ఒక ముసలాయన. కర్ర పోటేసుకుంటూ మెల్లగా నడవడం వల్లే వరుసలో వెనకబడ్డాడు. గిన్నెలోకి చూసుకున్నాడు, నాకేసి చూసి తల ఊపాడు, వెళ్లి కూర్చున్నాడు. పక్కన ఒక కుర్రాడి గిన్నెలో ఆరు ముక్కలున్నాయి. అవీ నేను వేసినవే.

వరుసలో చివర నిలబడేది ఎవరో ఒకసారి ఆలోచించండి. నడవలేనివాళ్లు, చంకలో పసిబిడ్డ ఉన్న తల్లులు, తోసుకుని రాలేనివాళ్లు, అడగడానికి సిగ్గుపడి ఆలస్యంగా బయలుదేరినవాళ్లు. అంటే మీరు ఎవరి కోసం సముద్రాలు దాటి వెళ్లారో వాళ్లే. అందుకే ఏ ఏర్పాటైనా చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలంటాను. మొదటివాడికి అందినంత ఆహారం, అంతే వేడిగా, అంతే మర్యాదగా చివరివాడికీ అందాలి. కింద చెప్పేదంతా అందుకు చేయవలసిన పనులే.

రెండు నెలల ముందు

అక్కడి సంఘ కాపరికి (పాస్టరుకు) మీరు రాసే మొదటి ఉత్తరంలో ‘ఫలానాది వండి పెడతాం’ అన్న మాట ఉండకూడదు. ప్రశ్నలు ఉండాలి. మీ దగ్గర ఆకలితో ఉన్నది ఎవరు? వాళ్లకు ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా? ఏం తింటారు, ఏ పూట తింటారు? వంట ఎవరి చేతి మీద నడుస్తుంది? ఇప్పటికే ఎవరో వారం వారం భోజనం పెడుతుంటే ఆ పక్కనే మీరు మరో పొయ్యి రాజేయకండి. వాళ్ల దగ్గరకు వెళ్లి అంట్లు తోమండి, కూరగాయలు తరగండి. పది రోజులు ఉండి వెళ్లిపోయేవాళ్లు ఘనంగా వడ్డిస్తే, ఏడాది పొడుగునా ఉన్నంతలో పెట్టేవాళ్ల భోజనం చప్పగా కనిపిస్తుంది. ఆ నష్టం మీరు విమానం ఎక్కాక వాళ్లు మోయాలి.

ఇది మొదటే మనసులో పెట్టుకుంటే చాలా చిక్కులు తప్పుతాయి: ఆతిథ్యమిచ్చే ఇంటివాళ్లు అక్కడి సంఘస్థులు, భోజనానికి వచ్చేవాళ్లు వాళ్ల అతిథులు, మీరు జీతం లేని పనివాళ్లు.

వీసా కాగితాలు ఇప్పుడే చూసుకోండి. పర్యాటక వీసా మీద స్వచ్ఛంద సేవ చేయడం కొన్ని దేశాల్లో చట్టవిరుద్ధం. మత ప్రచారానికి హద్దులు గీసిన దేశాలూ ఉన్నాయి. ఉదాహరణకు నేపాల్ 2015 నాటి రాజ్యాంగంలోనే ఒకరి మతం మరొకరు మార్పించడాన్ని నిషేధించింది. మీరు చేసిన తొందరపాటుకు మిమ్మల్ని తిప్పి పంపుతారు, అంతే. పిలిచిన కాపరి మాత్రం పోలీసు స్టేషన్ చుట్టూ తిరగవలసి వస్తుంది. బహిరంగంగా వండి పెట్టడానికి స్థానిక ఆరోగ్య శాఖ అనుమతి కావాలేమో కూడా ఆయననే కనుక్కోమనండి.

సరుకులు అక్కడే కొనండి. మాంసం, పాల పదార్థాలు, విత్తనాలు, తాజా పండ్లు మోసుకెళితే చాలా దేశాల్లో కస్టమ్స్ దగ్గరే పోతాయి. అక్కడే కొంటే అక్కడి రైతుకూ కొట్టువాడికీ నాలుగు డబ్బులు చేరతాయి, వండేవాళ్లకు అలవాటైన సరుకు దొరుకుతుంది. ముఖ్యంగా పసిపిల్లల పాలపొడి డబ్బాలు పెట్టెల్లో నింపుకుని వెళ్లకండి. శుభ్రమైన నీళ్లు లేని చోట సీసాపాలు బిడ్డకు విరేచనాలు తెచ్చిపెడతాయి. నాలుగు వారాలు డబ్బాపాలు పట్టేసరికి తల్లికి పాలు తగ్గిపోతాయి, ఆ తరువాత డబ్బా అయిపోతుంది. తల్లిపాలకు బదులుగా అమ్మే ఉత్పత్తుల మీద ప్రపంచ ఆరోగ్య మహాసభ 1981లోనే అంతర్జాతీయ నియమావళి తెచ్చింది. దాని వెనక ఉన్నది ఈ బాధే. నిజంగా అవసరమున్న బిడ్డ కనిపిస్తే అక్కడి ఆరోగ్య కార్యకర్తకు చూపించండి.

టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాల గురించి వైద్యుణ్ణి కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు కలవండి. ఈ రెండు జబ్బులూ తిండి ద్వారా పాకేవే. మీకు రాకుండా చూసుకోవడం ఎంత ముఖ్యమో, మీ చేతి నుంచి వాళ్ల పళ్లెంలోకి వెళ్లకుండా చూసుకోవడం అంతకన్నా ముఖ్యం.

వెళ్లే చోటి భాషలో పది మాటలు బట్టీ పట్టండి. ‘రండి’, ‘కూర్చోండి’, ‘ఇంకొంచెం వేయమంటారా?’, ‘చాలా?’, ‘వేడిగా ఉంది, జాగ్రత్త’, ‘ఇందులో మాంసం లేదు’. ఉచ్చారణ తప్పినా ఫర్వాలేదు, నవ్వుకుంటారు. నేను ‘కూర్చోండి’ అనబోయి ఏదో అంటే ఒక బల్ల బల్లంతా నవ్వింది. ఆ రోజు నా ముందు ఎవరూ బిగుసుకుపోయి కూర్చోలేదు.

ఎంతమందికి, ఎంత

అంకెలతో మొదలుపెట్టండి. 150 మంది వస్తారని కాపరి చెప్పారనుకుందాం. గరిటెకు 250 మిల్లీలీటర్లు పడుతుందనుకుంటే, మనిషికి రెండు గరిటెల చొప్పున 75 లీటర్లు. పదో వంతు అదనంగా కలిపితే 82 లీటర్ల పైచిలుకు. గుండిగను అంచుదాకా నింపి వండలేరు, పొంగుతుంది. కాబట్టి 100 లీటర్లు పట్టే పాత్ర ఒకటి, లేదా 60 లీటర్లవి రెండు కావాలి. నన్నడిగితే రెండు పాత్రలే మేలు. ఒకటి అడుగంటినా రెండోది ఉంటుంది, ఎత్తి దించడానికి నడుములు విరగవు.

బియ్యం ఉడికితే బరువు రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది, ఎండు గింజలు నానబెట్టి ఉడికిస్తే రెండు రెట్లు దాటుతాయి. ఈ లెక్కలు పుస్తకం చూసి వేసినా, గరిటె లెక్క మాత్రం స్వయంగా కొలిచి చూడండి. వంటగదిలో ఉన్న నాలుగు గరిటెలూ ఒకే కొలత అనుకోవడం ప్రతి బృందమూ చేసే తప్పు. ఒక సీసాతో నీళ్లు కొలిచి ఒక్కో గరిటెలో పోయండి. 180 పట్టేది ఒకటి, 300 పట్టేది ఒకటి బయటపడతాయి. 150 మందికి రెండేసి గరిటెలు వేసేసరికి ఆ తేడా 36 లీటర్లు.

ఒక చోట వంట పెత్తనం చేసే స్థానిక సహోదరి ఒకావిడ నా వడ్డన కాసేపు చూసి, మాట్లాడకుండా నా చేతిలోంచి గరిటె తీసుకుంది. నింపింది. చూపుడు వేలితో అంచు మీద అడ్డంగా గీసి, పైన గోపురంలా నిలిచింది గుండిగలోకి తోసేసింది. సమతలంగా ఉన్న గరిటెను నాకు చూపించి, గిన్నెలో వంపి, మళ్లీ చేతికిచ్చింది. తరువాత ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని గుండిగలో అడుగు నుంచి పైకి ఒక చుట్టు తిప్పించింది. ప్రతి పది గిన్నెలకు ఒకసారి అలా కలియబెట్టాలన్నమాట. భాష రాని ఆవిడ దగ్గర నేర్చుకున్నంత వడ్డన నేను ఏ శిక్షణలోనూ నేర్చుకోలేదు.

కూపన్లు ఇవ్వాలా వద్దా అన్నది అక్కడివాళ్లకే వదిలేయండి. జనం ఎక్కువగా, తిండి తక్కువగా ఉన్న చోట ముందుగా పంచిన కూపన్లు తోపులాటను ఆపుతాయి. అందరూ అందరికీ తెలిసిన చోట అవే అవమానంగా తోస్తాయి.

ఎవరు ఏం తినరు

పెద్ద గుండిగలో మాంసం వేయకండి. సరుకు ఖరీదు వల్ల చెప్పడం లేదు. మాంసం లేని ఒక్క వంటకాన్ని దాదాపు అందరూ తినగలరు. ముస్లింలు పంది మాంసం ముట్టరు, మరే మాంసమైనా హలాల్ అయి ఉండాలి. నియమం పాటించే యూదులు మాంసాన్నీ పాలనూ కలిపి తినరు. ఆర్థొడాక్స్ సంఘాల విశ్వాసులు చాలామంది బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. సెవెన్త్ డే అడ్వెంటిస్టులు పంది మాంసం తినరు, వాళ్లలో పూర్తి శాకాహారులూ ఎందరో. మాంసం పెట్టాలనే ఉంటే వేరే పాత్రలో, వేరే గరిటెతో పెట్టండి. ఒక గరిటె అటూ ఇటూ తిరిగితే ఆ జాగ్రత్తంతా వృథా.

కంటికి కనిపించని మాంసం సంగతి మరిచిపోకండి. సూప్ రుచికి వేసే క్యూబుల్లో జంతువుల కొవ్వు ఉండవచ్చు. కొన్నిచోట్ల వేయించడానికి వాడేదే పంది కొవ్వు. ‘మాంసం లేదు’ అని చెప్పే ముందు పొట్లాం మీద ఏం రాసి ఉందో అక్కడి భాష తెలిసినవాళ్లతో చదివించండి. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో, తన తిండి వల్ల సహోదరుడు తొట్రిల్లేటట్టయితే మాంసమే మానేస్తానంటాడు. ఆయన తన పళ్లెం గురించే అంతమాట అన్నప్పుడు, మనం ఇతరుల పళ్లెం విషయంలో ఇంకెంత చూసుకోవాలి!

రంజాన్ నెల నడుస్తుంటే మధ్యాహ్నం భోజనం పెట్టి ‘ఎవరూ రాలేదే’ అనుకోవడంలో అర్థం లేదు. సూర్యుడు అస్తమించే వేళకు మార్చుకోండి.

వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, నువ్వులు, గుడ్డు, చేప, రొయ్యలు, పీతలు, సోయా, గోధుమ, పాలు కొందరికి పడవు. కొందరికి ప్రాణం మీదికే వస్తాయి. గుండిగలో ఏమేమి పడ్డాయో స్థానిక భాషలో అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి వరుస మొదట్లో నిలబెట్టండి. చదవడం రానివాళ్ల కోసం ఒక మనిషి నోటితో చెప్పాలి. ప్రపంచంలోని పెద్దవాళ్లలో సగానికి పైగా పాలలోని చక్కెర సరిగా అరగనివాళ్లే కాబట్టి, ప్రధాన వంటకంలో పాలు పోయకపోతే గొడవే ఉండదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దు. అయిదేళ్ల లోపు పిల్లల చేతికి గింజలు గింజలుగానే ఇవ్వవద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

ఇప్పుడు చెప్పబోయేది జాలి గలవాళ్లే ఎక్కువగా పొరబడే విషయం. రోజుల తరబడి దాదాపు ఏమీ తినకుండా ఎముకల గూడులా వచ్చిన మనిషికి కడుపునిండా పెడితే చచ్చిపోవచ్చు. ఒక్కసారిగా వచ్చిన తిండిని శరీరం వాడుకునే క్రమంలో రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. 1945లో నాజీ శిబిరాలు విడుదలైనప్పుడు సైనికులు కరుణతో ఇచ్చిన బలమైన ఆహారం తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టి వైద్య సిబ్బందిని పిలవండి. పిల్లల్లో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపువాళ్లకు భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. ఆ బిడ్డ దగ్గర మీ గరిటె పని ముగిసింది, ఆసుపత్రి పని మొదలైంది.

పొయ్యి దగ్గర

వంటలో మీ పాండిత్యం చూపించకండి. ఉప్పు, కారం, పులుపు అక్కడి వంటవాళ్లు చెప్పినట్టే పడాలి. మీరు నీళ్లు, నిప్పు, శుభ్రత చూసుకుంటే చాలు, ఆ మూడే చేతినిండా పని.

నీళ్లు అనుమానంగా ఉంటే బుడగలు తెర్లుతూ ఒక నిమిషం మరగాలి. సముద్ర మట్టానికి 2,000 మీటర్ల పైన ఉన్న ఊళ్లలో మూడు నిమిషాలు. అంత ఎత్తున నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి గింజలు ఉడకడానికీ ఎక్కువసేపు పడుతుంది. కొండ ప్రాంతానికి వెళ్లి, ఇంట్లో లెక్క ప్రకారం పొయ్యి వెలిగించి, పన్నెండింటికి పెట్టవలసిన భోజనాన్ని రెండింటికి పెట్టిన బృందంలో నేనూ ఉన్నాను. పెద్ద పొయ్యి మీదైనా 75 లీటర్లు తెర్లడానికి రెండు గంటలు దాటవచ్చు. వీలైతే ముందు రోజు అదే పొయ్యి మీద, అదే గుండిగతో నీళ్లు కాచి గడియారం చూసుకోండి. బొగ్గుల పొయ్యి తలుపులు మూసిన గదిలో వెలిగించవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ముందుగా తెలియదు.

ఎర్ర రాజ్మా గింజల్లో సహజంగా ఒక విషపదార్థం ఉంటుంది. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లబెట్టాలి. సన్న సెగ మీద ఊరికే వేడెక్కిస్తే విషం పోదు. అరకొరగా ఉడికిన గింజ పచ్చి గింజకన్నా ఎక్కువ వాంతులు చేయిస్తుంది.

థర్మామీటరు ఒకటి పెట్టెలో పెట్టుకోండి. మీరు మోసుకెళ్లగలిగిన వాటిలో ఇంతకు మించి పనికొచ్చేది లేదు. ఉడికిన ఆహారం మధ్యలో 70 డిగ్రీల సెల్సియస్ దాటాలి. వడ్డన పూర్తయ్యేదాకా 60 పైన ఉండాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు చకచకా పెరుగుతాయి, అందుకే వండినదాన్ని బయట రెండు గంటలకు మించి వదలకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇక్కడ మళ్లీ చివరి మనిషి గుర్తుకు రావాలి. మొదటివాడు తిన్నప్పుడు 80 డిగ్రీలున్న గుండిగ, గంటన్నర తరువాత చివరివాడి వంతు వచ్చేసరికి ఎంత ఉంది? వడ్డన మధ్యలో రెండుసార్లు కొలవండి. తగ్గుతుంటే మూత వేసి మళ్లీ సెగ పెట్టండి, వరుసను అయిదు నిమిషాలు ఆగమనండి.

అన్నం సంగతి మరీ జాగ్రత్త. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ కూర్చుంటే అవి మొలకెత్తి విషం చేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. రాత్రే వండి పెట్టుకుందామన్న తెలివైన సలహా ప్రతి బృందంలోనూ ఒకరు ఇస్తారు. ఒప్పుకోకండి.

పచ్చి మాంసం, చేప కోసిన కత్తితో, చెక్కతో కూరగాయలు తరగకూడదని అందరికీ తెలుసు, హడావుడిలో అందరూ మరిచిపోతారు. ఎర్ర దారం కట్టిన కత్తి పచ్చి మాంసానికి అని మొదటే గుర్తు పెట్టేయండి.

చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాలి. శానిటైజరు పూసుకున్నాం కదా అంటే కుదరదు. వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద దాని ప్రభావం అంతంతమాత్రం. బృందంలో ఎవరికైనా కడుపు చెడితే, తగ్గిన తరువాత కూడా 48 గంటలు వంటగది గడప తొక్కనివ్వకండి. ఇంత దూరం వచ్చి గదిలో పడుకోవడం వాళ్లకు కష్టంగా ఉంటుంది. బల్ల దగ్గర పేర్లు రాసే పని కూడా ఇవ్వవద్దు. అక్కడి కలాన్ని అందరూ పట్టుకుంటారు.

గరిటె ఎవరి చేతిలో ఉండాలి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మన సామెత. ఆదిమ సంఘంలో వచ్చిన తొలి తగాదాల్లో ఒకటి సరిగ్గా దీని మీదే. అనుదిన పరిచర్యలో, అంటే రోజూ భోజనం పంచడంలో, తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారని అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చెబుతుంది. అపొస్తలులు ప్రసంగం చేసి ఊరుకోలేదు. భోజన బల్లల పని చూడటానికి ఏడుగురిని ఎంపిక చేయించారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని నీకొలా దాకా ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్నవాళ్ల వైపు మనుషులకే గరిటె అప్పగించినట్టుంది.

మీరూ అదే చేయండి. వచ్చేవాళ్లలో రెండు భాషలు, మూడు తెగలు ఉంటే వడ్డించే వరుసలోనూ ఆ మనుషులు ఉండాలి. మీ బృందంవాళ్లు వాళ్ల మధ్య ఒకరొకరుగా నిలబడితే చాలు. అందరూ ఒకే రంగు టీషర్టులు వేసుకుని బల్లకు అటువైపు గోడలా నిలబడటం నాకు నచ్చదు. ఎవరు ఇచ్చేవాళ్లో ఎవరు పుచ్చుకునేవాళ్లో దూరానికే తెలిసిపోయే వేషం అది.

స్థలముంటే వరుసలో నిలబెట్టకుండా కూర్చోబెట్టి వడ్డించండి. అయిదువేలమందికి పంచినప్పుడు యేసు వాళ్లను పచ్చిక మీద వందల చొప్పున, యాభైల చొప్పున పంక్తులు తీర్చి కూర్చోబెట్టించాడని మార్కు రాశాడు. అలా కూర్చున్నాక బలవంతుడికీ ముసలివాడికీ దూరం సమానం. యాభైమందికి ఇద్దరు వడ్డించేవాళ్లు, నీళ్లకు ఒకరు, ఖాళీ గిన్నెలు తీయడానికి ఒకరు. ఇద్దరూ రెండు చివరల నుంచి మొదలుపెడితే ‘చివర’ అన్నదే మధ్యలోకి జరిగిపోతుంది. రెండో విడత వేరే పంక్తితో మొదలుపెట్టండి.

కూర్చోబెట్టే వీలు లేకపోతే వృద్ధులకు, గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు నీడలో వేరే చోటు చూపించి అక్కడికే తీసుకెళ్లి ఇవ్వండి. ఆడవాళ్లు, మగవాళ్లు విడిగా కూర్చునే చోట మీ సిద్ధాంతాలు తీసి పక్కన పెట్టండి.

గిన్నె అందించేటప్పుడు ముఖం చూడండి, గిన్నెను కాదు. అక్కడ ఏ చేత్తో ఇవ్వడం మర్యాదో, రెండు చేతులా ఇవ్వాలో ముందే అడిగి ఉంచండి. ‘ఇంకొంచెం?’ అని మీరే అడగండి, అడిగించుకోవద్దు. ఇంట్లో ఉన్నవాళ్ల కోసం డబ్బా తెచ్చినవాళ్లను దొంగల్లా చూడవద్దు. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉండవచ్చు, ఆ మనిషే మీ వరుసలో అందరికన్నా చివర ఉన్నది. అలాంటి డబ్బాల కోసం పది గిన్నెల వంతు ముందే వేరుగా తీసి పెడతాను నేను.

ఇక ప్రార్థన, సువార్త సంగతి. వరుసలో నిలబెట్టి గంట ప్రసంగం వినిపించి ఆ తరువాత తలుపు తీయడం నేను చూశాను. ఆకలి మీద ఉన్నవాడికి అది ప్రసంగంలా వినిపించదు, టికెట్టు ధరలా వినిపిస్తుంది. విపత్తు సహాయం కోసం రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ ఉద్యమం 1994లో ప్రకటించిన ప్రవర్తనా నియమావళిలో, సహాయాన్ని ఏ రాజకీయ, మత దృక్పథాన్నీ ముందుకు నెట్టడానికి వాడకూడదన్న నియమముంది. దాన్ని నిలబెట్టిన సంస్థల్లో క్రైస్తవ సంఘాల కూటములైన ప్రపంచ సంఘాల మండలి, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, క్యాథలిక్ సేవా సంస్థ కారితాస్ కూడా ఉన్నాయి. 2011లో వాటికన్, ప్రపంచ సంఘాల మండలి, వరల్డ్ ఎవాంజెలికల్ అలయన్స్ కలిసి విడుదల చేసిన పత్రమైతే పేదరికాన్నీ అవసరాన్నీ ఆసరా చేసుకోవడానికి క్రైస్తవ సాక్ష్యంలో చోటే లేదంది. తినే ముందు ఒక్క నిమిషం కృతజ్ఞతా ప్రార్థన అక్కడి కాపరి చేస్తే చేయనివ్వండి. తల వంచనివాడి గిన్నెలోనూ గరిటె అంచుదాకా పడాలి. ‘మీరెందుకు ఇంత దూరం వచ్చారు?’ అని ఎవరైనా అడిగితే, అప్పుడు పక్కన కూర్చుని నిజం చెప్పండి. అడుగుతారు, సాధారణంగా తిన్నాక.

ఫోటోలు వడ్డన సమయంలో వద్దు. మీరు పంపవలసిన నివేదికకు గుండిగల ఫోటో, వండేవాళ్లు సరేనంటే వాళ్ల చేతుల ఫోటో చాలు. గిన్నె చాచిన ముఖం ఎవరిదైనా సరే, మీ నాన్నదైతే గోడకు పెట్టుకుంటారా?

అయిపోతుందని తెలిసినప్పుడు

వరుసలో తలలు లెక్కపెట్టే పని ఒకరికి మొదటి నుంచే అప్పగించండి. సగం గుండిగ అయ్యేసరికి సగం మంది తిని ఉండాలి. లెక్క తప్పుతుంటే అప్పుడే చెప్పాలి, అడుగు కనిపించాక కాదు. నీళ్లు పోసి పెంచడం మొదట తోచే ఉపాయం, అందరికన్నా చెడ్డ ఉపాయం కూడా. అప్పటికే తిన్నవాళ్లకు చిక్కగా, మిగతావాళ్లకు పల్చగా చేసినట్టే. దానికన్నా రెండో విడత వడ్డన ఆపేసి ఒక్కో గరిటె అందరికీ అందేలా చూడండి. రొట్టె, అరటిపండు, ఉడికించిన దుంప వంటివి వండే పని లేకుండా ఇచ్చేవి కొన్ని ఒక బుట్టలో మొదటే దాచి ఉంచండి.

అదీ చాలకపోతే కాపరి స్వయంగా వరుస చివరికి నడిచి వెళ్లి చెప్పాలి. మీరు చెప్పవద్దు, మైకులో అసలే వద్దు. మీ బృందం భోజనం అప్పటికి విడిగా ఉంటే అది బల్ల మీదికి రావాలి. చలి కాచుకోండి, తృప్తి పొందండి అని మాటలు చెప్పి ఖాళీ చేతులతో పంపితే ఏం ప్రయోజనమని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో అడిగాడు.

అందరూ తిన్నాక

మీరు కూడా అదే గుండిగలోది, అవే గిన్నెల్లో, వాళ్ల పక్కన కూర్చుని తినండి. తెచ్చుకున్న పొట్లాలు విడిగా విప్పడం కన్నా పెద్ద అవమానం లేదు. ఎవరైనా తమ పళ్లెంలోంచి ఒక ముక్క తీసి మీకు పెడితే తీసుకోండి. అప్పటిదాకా వాళ్లు పుచ్చుకున్నారు, ఇప్పుడు ఇచ్చే వంతు వాళ్లది.

మిగిలితే నాలుగు వేళ్ల లోతు కూడా లేని వెడల్పాటి పళ్లేల్లో పరిచి త్వరగా చల్లార్చాలి. రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఆ తరువాత నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలి. ఫ్రిజ్ లేకపోతే దాచే ఆలోచనే వద్దు. వేడి తగ్గకముందే చుట్టుపక్కల ఇళ్లకు పంచేయండి. ఆ అయిదువేలమంది తిన్నాక, ఏమీ పాడు కాకూడదని యేసు మిగిలిన ముక్కలన్నీ పోగు చేయించినప్పుడు పన్నెండు గంపలు నిండాయని యోహాను చెప్పాడు. అవి ఆ సాయంత్రానికే చెల్లిపోయి ఉంటాయని నా ఊహ.

గుండిగలు తోమేదాకా ఎవరూ గదులకు వెళ్లకూడదు. అడుగంటినదాన్ని గీకుతున్నప్పుడు, సబ్బు నీళ్లలో మోచేతుల దాకా చేతులు ముంచి పక్కపక్కన నిలబడినప్పుడు, వంట చేసిన అక్కలు అప్పటిదాకా చెప్పనివి చెబుతారు. ఉప్పు ఎక్కువైందని, ఆ మూలన కూర్చున్నావిడ ఎందుకు తినలేదో, రావలసిన ఫలానా కుటుంబం ఎందుకు రాలేదో.

అవి విని, చేయి తుడుచుకుని, ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎంతమంది వచ్చారు, ఎంత వండారు, గుండిగ ఎన్ని గంటలకు ఖాళీ అయింది, పళ్లేల్లో ఏది వదిలేశారు, చివరి గిన్నె దగ్గర థర్మామీటరు ఎంత చూపించింది. ఆ పుస్తకం, థర్మామీటరు మీ పెట్టెలో సర్దకండి. వంట చేసిన ఆవిడ చేతికిచ్చి రండి, వచ్చే వారం వడ్డించేది ఆవిడే.